పోరంబోకు

బ్రోకర్ దనపాల్ టేపు కొస నా చేతికిచ్చి
గోడ దగ్గర నిలబడమన్నాడు.
పెళ్ళయి వచ్చిన ఇరవైరెండేళ్ళకి
ఈ ఇంట్లో నా వంతుకి దొరికిన మొదటి కొస అది.

ఆరువందల పన్నెండు చదరపుటడుగులు.
చూళైలో, అచ్చాఫీసుల సందులో,
కాళ్ళు ముడుచుకుని పడుకున్న ఇల్లు.
"గ్రౌండులో పావు వంతు" అన్నాడు
ముక్కు చిట్లించి, అప్పుడే బేరం మొదలుపెట్టేసి.
"ఇల్లు లెక్క కాదమ్మా, స్థలమే లెక్క.
పడగొట్టడానికి మనమే ఎదురు డబ్బివ్వాలి."

మద్రాసు మిద్దె. టేకు దూలాలు.
మధ్యగదిలో సిరా మరకలు.
కడిగి కడిగి నా మోచేతులు అరిగాయి గానీ
ఆ మెజెంటా రంగు అరగలేదు.
గోడ మీద నడుమెత్తున ఒక మట్టి గీత:
ఆ డిసెంబరు వరద లోపలికొచ్చి ఎత్తు చూసుకుని పోయింది.
సున్నం వేసిన ప్రతిసారీ మళ్ళీ పైకి తేలుతుంది,
కట్టని వడ్డీలాగా.

కరెంటు కార్డు ఇంకా మామగారి పేరునే.
పోయి పందొమ్మిదేళ్ళు.
రెండు నెలలకోసారి బిల్లు వస్తుంది,
దొరసామి నాయుడు వెలుతురు వాడుకుంటూనే ఉన్నాడు.

ఆడబిడ్డ ఆండాళు
నైలాన్ సంచిలోంచి మూలపత్రం తీసింది,
పసిబిడ్డని తీసినట్టు కాదు,
చేపని తీసినట్టు, తోక పట్టుకుని.
సగం ఆమెది. సగం మా ఆయనది.
సంతకాలు రెండే. నా పేరు ఏ పేజీలోనూ లేదు.
అయినా ఇద్దరూ
నా మొహమే చూస్తున్నారు.

ఎందుకంటే లెక్క నా దగ్గరుంది.
ఆఫ్‌సెట్ మిషను లోను, మింటు వీధి సేటు దగ్గర నా గాజులు,
కాగితం డీలరు, మధ్యలో మునిగిన చీటీ,
పిల్ల పాలిటెక్నిక్ ఫీజు.
ఇప్పుడు పెళ్ళిపిలుపులు ఫోన్లోనే వస్తాయి.
ఒక్కో శుభలేఖ వచ్చి మోగినప్పుడల్లా
మా ఆయన ఫోను బోర్లా పెడతాడు.

చివరికి దనపాల్ తిన్నె దగ్గరికొచ్చాడు.
టేపు వేయలేదు.
"ఇది పత్రంలో లేదు సార్. మూడడుగులు వీధిలోకొచ్చేసింది.
కార్పొరేషన్‌ది. పోరంబోకు."

కాసేపు ఎవరూ మాట్లాడలేదు.
తర్వాత మా ఆయన నవ్వాడు.
ఆడి నెల నుంచి నవ్వని మనిషి,
గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుని:
"మా నాయన నన్ను పిలిచిన పేరదే.
డిగ్రీ తప్పి ఏడాది ఇక్కడే కూర్చున్నా.
లేచి లోపలికి రారా పోరంబోకు వెధవా, అనేవాడు."
ఆండాళు కూడా నవ్వింది.
నేను నవ్వలేదు.

నా కూతురు అ ఆలు దిద్దింది ఆ మూడడుగుల మీద.
ఆకుకూర గంప దిగింది అక్కడే.
లోపల చోటు చాలక
మామగారిని ఆఖరికి పడుకోబెట్టిందీ అక్కడే.
ఇన్నాళ్ళూ మేము బతికింది
మాది కాని చోట.
అమ్ముతామంటున్నది, వండుకుని పడుకున్న చోటు.

రాత్రి తొమ్మిదిన్నర. నీళ్ళ లారీ ఇంకా రాలేదు.
బిందెలు వరసలో పెట్టి తిన్నె మీద కూర్చున్నాను.
చేతిలో అమ్ముడుపోని శుభలేఖ. పైన వినాయకుడు,
చి॥ దగ్గర ఖాళీ, చి॥ల॥సౌ॥ దగ్గర ఖాళీ.
వెనక్కి తిప్పి రాశాను:
యాభై అయిదు లక్షలు. సగం ఆండాళుది.
అప్పులు ఇరవై నాలుగు.
అద్దింటికి పది నెలల అడ్వాన్సు.
మిగిలింది గీత కింద రాసి, నమ్మక, మళ్ళీ కూడాను.

అమ్మకపోతే?
ఆ లెక్కకి కార్డు చాలలేదు.
సేటు వడ్డీ అంచు దాటి
నా అరచేతి మీదికి వచ్చేసింది.

శుక్రవారం చెబుతామని దనపాల్‌కి చెప్పాను.
అవును, నేనే చెప్పాను.

లోపల్నుంచి ఆండాళు అడిగింది:
"అమ్మితే కార్డు మీద నాయన పేరు తీసేస్తారా?"
"తీసేస్తారు."
ఫ్యాను చప్పుడు.
"అయితే ఈసారి బిల్లు నేను కడతాలే" అంది.

సందు మలుపులో లారీ హారను.
బిందె అందుకుని లేచాను.
కూర్చున్నచోట రాయి వెచ్చగా ఉంది,
పగటి ఎండో, నేనో.